అల్యూమినియం ఇంజనును కడగడం ఎలా నేర్చుకున్నాను

కారు ఇంజను కడగడం కూడా ఒక పనేనా అని కొత్తగా షెడ్లలో చేరినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. పనే. నలభై ఏళ్ళు నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ కార్లు బాగుచేసిన మనిషిగా చెబుతున్నాను, ఆ పని సరిగ్గా వచ్చినవాడికి మిగతా పని సగం వచ్చినట్టే. మురికి పట్టిన ఇంజను ముందు నిలబడి దాని జబ్బు చెప్పడం, దుప్పటి కప్పుకున్న మనిషికి వైద్యం చేయడం లాంటిది. ముందు దుప్పటి తీయాలి. తీసే పద్ధతి తెలియకపోతే మనిషి చర్మం కూడా ఊడొస్తుంది.

ఇది ఊరికే అన్న మాట కాదు. ఒక ఇంజను చర్మం నా చేతులతో నేనే ఊడదీశాను. ముందు అదే చెబుతాను.

సోడా తొట్టి

నందిగామలో కోటయ్య గారి షెడ్డులో చేరేటప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఐటీఐ చదివి, మూడేళ్ళు లారీల మీద పనిచేసి వచ్చాను. నాకు పని వచ్చునన్న పొగరు బాగా ఉండేది. కోటయ్య గారు పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాట తక్కువ. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే ఏమీ అనేవారు కాదు, అదే ఆయన మెచ్చుకోవడం.

ఆ రోజుల్లో మా దగ్గరకు వచ్చేవి జీపులు, లారీలు, పాతకాలపు పెద్ద కార్లు. వాటి ఇంజన్లన్నీ పోత ఇనుము. విప్పిన భాగాలు శుభ్రం చేయడానికి షెడ్డు వెనక ఒక ఇనప తొట్టి ఉండేది. అందులో నీళ్ళు పోసి, కాస్టిక్ సోడా వేసి, కింద కట్టెలు పెట్టి మరిగించేవాళ్ళం. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి కూడా గంటలో ఊడిపోయేది. తీసి నీళ్ళు కొడితే ఇనుము కొత్తదానిలా వచ్చేది. అంతకుమించిన మందు లేదని మా నమ్మకం.

చిన్న కార్లు అప్పుడప్పుడే రోడ్డు మీదికి వస్తున్నాయి. నందిగామలో అలాంటి కారు ముందుగా కొన్నవాళ్ళలో మూర్తి గారు ఒకరు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఒకరోజు ఆయన కారు వేడెక్కి ఆగిపోయిందని నలుగురు కలిసి మా షెడ్డుకు తోసుకొచ్చారు. కోటయ్య గారు చూసి హెడ్ ప్యాకింగ్ పోయిందన్నారు. హెడ్ అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే పెద్ద భాగం, ప్యాకింగ్ అంటే ఆ రెంటి మధ్య సందు మూసే పలచటి రేకు. హెడ్‌ను విప్పి నా చేతికిచ్చారు.

"ఒరే భద్రం, శుభ్రం చేసి పెట్టు. నేను విజయవాడ వెళ్ళి ప్యాకింగ్ పట్టుకొస్తా" అని బస్సెక్కారు.

చేతిలోకి తీసుకోగానే తెలిసింది, ఆ హెడ్ తేలిగ్గా ఉంది. ఇనుము కాదని నా చేతులు చెప్పాయి. అక్కడ ఆగి ఎవరినైనా అడగాల్సింది. అడగలేదు. కొక్కేనికి తగిలించి, మరుగుతున్న తొట్టిలోకి దించాను.

దించీ దించగానే బుసబుసమని పొంగింది. ఇనుము ఎప్పుడూ అలా పొంగలేదు. ఎంత జిడ్డు ఉందో, ఎంత బాగా ఊడుతోందో అని నేను సంతోషించాను కూడా. టీ తాగి వచ్చి పైకి తీశాను. హెడ్ బొగ్గులా నల్లగా ఉంది. నీళ్ళు కొట్టి రుద్దితే ఆ నలుపు కరిగి పోయింది. కింద చెదలు తిన్న చెక్కలా గుంటలు. సిలిండర్ల మీద అతుక్కుని కూర్చోవాల్సిన నున్నటి అడుగు ముఖం కూడా అంతే.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. ఇనప గేట్లకు వేసే వెండి రంగు డబ్బా ఒకటి షెడ్డులో ఉంటే, దాంతో హెడ్ పైభాగమంతా పూశాను. అడుగు ముఖాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాను. సాయంత్రానికి చూడటానికి బ్రహ్మాండంగా తయారైంది.

కోటయ్య గారు ప్యాకింగ్‌తో వచ్చారు. హెడ్ చేతిలోకి తీసుకుని వాసన చూశారు.

"రంగెవడేశాడు?"

"నేనేనండి. చూట్టానికి బాగుంటదని..."

ఆయన స్టీలు స్కేలు తెచ్చి, అడుగు ముఖం మీద అంచు ఆనించి, వెలుతురు వైపు ఎత్తి పట్టుకున్నారు. స్కేలు కింది నుంచి వెలుతురు ముక్కలు ముక్కలుగా కనబడుతోంది.

"సోడాలో ముంచావా?"

"ముంచానండి."

"ముంచింది తెలీక ముంచావు. రంగు మాత్రం తెలిసే వేసావు" అన్నారు.

అంతే. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

మూర్తి గారి ఇంట్లో

ఆ హెడ్‌ను గోనెసంచిలో వేసుకుని కోటయ్య గారు నన్ను మూర్తి గారి ఇంటికి తీసుకెళ్ళారు. ఈ సాయంత్రంతో నా ఉద్యోగం సరి అని తేల్చుకున్నాను.

మూర్తి గారు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నారు. కోటయ్య గారు సంచి విప్పి హెడ్ ఆయన ముందు పెట్టి, "పాడైందండి. నా షెడ్డులో జరిగింది, తప్పు నాది. వేరే హెడ్ తెచ్చి బిగించే పూచీ కూడా నాదే" అన్నారు.

నా పేరు ఎత్తలేదు. ఎత్తుతారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఎత్తకపోయేసరికి ఇక ఉండబట్టలేక, "నేనే చేసానండి. సోడా నీళ్ళలో ఉడకబెట్టా" అనేశాను.

మూర్తి గారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "బుడగలు వచ్చాయా?" అని అడిగారు.

"బాగా వచ్చాయండి."

"కింద కట్టెల మంట ఉందా?"

"ఉందండి."

"ఆ బుడగలు హైడ్రోజన్ నాయనా. మంట తగిలితే భగ్గుమంటుంది. హెడ్ పోతే పోయింది, నీ మొహం మిగిలింది. సంతోషించు" అన్నారు.

మర్నాడు నన్ను కాలేజీ ల్యాబుకు రమ్మన్నారు. ఒక గాజు గ్లాసులో సోడా నీళ్ళు, అందులో చిన్న అల్యూమినియం ముక్క. అది నా కళ్ళ ముందే నురగ కక్కుతూ కరగడం మొదలుపెట్టింది. పక్కనే ఇంకో గ్లాసులో ఇనప మేకు. దానికి ఏమీ కాలేదు.

"అల్యూమినియం మీద కంటికి కనపడని పలచటి పొర ఒకటి ఉంటుంది. గాలి తగిలితే అదే పుడుతుంది. ఇనుమును తుప్పు తినేస్తుంది. అల్యూమినియానికి మాత్రం దాని తుప్పే చొక్కా. సోడా ఆ చొక్కా విప్పేసి లోపలి ఒంటిని తింటుంది. గట్టి యాసిడ్ కూడా అంతే. కాబట్టి దాన్ని కడిగేవాడు ముందు చొక్కా చిరగకుండా చూసుకోవాలి" అని చెప్పారు.

నా చదువులో నాకు బాగా అర్థమైన పాఠం అదొక్కటే. దాని కోసం ఒక మనిషి కారు పాడుచేయాల్సి వచ్చింది.

కోటయ్య గారు నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ మిగిలిన వెండి రంగుతోనే తొట్టి మీద "అల్యూమినియం వద్దు" అని పెద్ద అక్షరాలతో నా చేత రాయించారు. ఆయన దగ్గర ఉన్నన్ని రోజులూ మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. తర్వాత నేను చూసిన యజమానులు చాలామంది పని బాగా జరిగితే తమదనీ, చెడితే మనిషిదనీ అనేవాళ్ళే. మీరు పనికి చేరేటప్పుడు షెడ్డులో ఉన్న మిషన్లు చూడొద్దు. పని చెడిన రోజు యజమాని కస్టమర్‌తో ఏం మాట్లాడతాడో కనుక్కోండి.

సిమెంటు దుమ్ము

తర్వాత జగ్గయ్యపేటలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. ముక్త్యాల వైపు నుంచి సిమెంటు లారీలు రాత్రీ పగలూ తిరిగే రోడ్డుకు దగ్గర్లోనే. ఆ దారిలో తిరిగే కార్లకు బానెట్ ఎత్తితే లోపలంతా బూడిద రంగు పిండి రాలినట్టు ఉండేది. ఈ ప్రాంతంలో పనిచేసేవాడు ఈ దుమ్ము గురించి తెలుసుకోకపోతే కష్టం.

ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు గారు తన కారును శ్రద్ధగా చూసుకునేవారు. ఒక ఆదివారం ఇంటి దగ్గర బానెట్ ఎత్తి, తోటకు పెట్టే నీళ్ళ పైపుతో ఇంజను మొత్తం తడిపి, ఆరాక తుడుద్దామని లోపలికెళ్ళి భోంచేసి నిద్రపోయారట. సోమవారం మా షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చారు. బ్యాటరీకి కరెంటు అందించే డైనమో పనిచేయడం లేదు. రేడియేటర్ రెక్కల మధ్య గట్టి పెచ్చులు. ఇంజను మీద దుమ్ము కాస్తా గోడకు పూసిన పూతలా బిగుసుకుపోయింది.

"ఏం జరిగిందండీ?" అని అడిగితే, "నీళ్ళే కదా కొట్టింది, యాసిడ్ పోసానా ఏంటి!" అన్నారు.

"సిమెంటులో నీళ్ళు పోస్తే ఏమవుద్దో మీకు నేను చెప్పాలాండీ?" అన్నాను.

ఆయన ఒక నిమిషం నా మొహం చూసి, పగలబడి నవ్వారు.

ఆ పెచ్చులు వెదురు పుల్లలతో, మెత్తటి బ్రష్షుతో తీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. సిమెంటు తడిస్తే అది కూడా సోడాకు చుట్టమే, తాకిన చోట అల్యూమినియాన్ని మచ్చలు చేస్తుంది. అందుకని పొడి దుమ్మును పొడిగానే దులపాలి. పెయింటు బ్రష్షు, గాలి, మూతికి గుడ్డ. కంటికి దుమ్ము కనబడనంత వరకూ నీళ్ళ చుక్క తగలకూడదు. ఈ ఒక్క నియమం మా ప్రాంతంలో ఎన్నో డైనమోలను కాపాడింది.

నాకు నచ్చని పనులు

ఇంజను మెరవడానికి బాత్రూములు కడిగే యాసిడ్ వాడేవాళ్ళను చూశాను. పది నిమిషాలు తెల్లగా మెరుస్తుంది, నెల తిరిగేసరికి బూజు పట్టినట్టవుతుంది. ఇనప తీగల బ్రష్షుతో రుద్దేవాళ్ళను చూశాను. గీతలు పడటమే కాదు, తీగల ముక్కలు అక్కడే ఇరుక్కుని తుప్పు పడతాయి. పెట్రోలు గుడ్డతో తుడిచేవాళ్ళకు నేను నమస్కారం పెట్టి దూరంగా జరుగుతాను. కిరోసిన్ కూడా తప్పనిసరైన చోట, ఆరుబయట, కొద్దిగానే వాడాలి. రబ్బరు గొట్టాలకూ బెల్టులకూ తగలనివ్వకూడదు.

వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో పెద్ద పంపుతో ఇంజను మీదికి నీళ్ళు కొట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కాలం కార్లలో ఎక్కడ చూసినా వైర్ల ప్లగ్గులు, సెన్సర్లు. ఆ జోరుకు నీళ్ళు దూరని సందు ఉండదు. ఇక కడిగాక నూనెలాంటి స్ప్రే కొట్టి నిగనిగలాడించి ఇస్తారు. అది కోటయ్య గారి షెడ్డులో నేను వేసిన వెండి రంగుకు తమ్ముడు. కారు అమ్మేవాడికి పనికొస్తుంది, నడిపేవాడికి కాదు.

వత్సవాయిలో రెండు రోజులు

మోకాళ్ళు మొరాయించాక షెడ్డు మూసేశాను. మూసిన ఏడాదికి జరిగిన సంగతి ఇది. నా పని మొత్తంలో నాకు ఎక్కువ గర్వం కలిగించింది ఇదే.

శ్రీను అని వత్సవాయి అతను, సిమెంటు లోడ్ల లారీ నడుపుతాడు. నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. ఒకరోజు ఇంటికి వచ్చాడు.

"బాబాయ్, కారు అమ్మేద్దామనుకుంటున్నా. ఎంతకు పోద్దో ఒకసారి చూసి చెప్తావా?"

"సెకండ్‌హ్యాండ్‌లో కొని మూడేళ్ళు కాలేదు కదరా, ఎందుకు అమ్మటం?"

"ఆయిల్ కారుద్ది. మెకానిక్‌కి చూపిస్తే గేర్‌బాక్స్ వైపు ఆయిల్ ఆపే వెనక సీలు పోయింది, ఇంజన్ దించాలి, లోపల కూడా అరిగుంటది అన్నాడు. పైన చూస్తే అంతా తెల్లగా పొక్కులొచ్చింది. ఇంజన్ కుళ్ళిపోయింది బాబాయ్. ఆదివారం ఖమ్మం నుంచి ఒకాయన వస్తానన్నాడు."

ఆ కారుతో వాళ్ళకు ఉన్న అవసరం నాకు తెలుసు. శ్రీను వాళ్ళమ్మ ఆదెమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు నందిగామ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. శ్రీను లారీ మీద ఉంటాడు. అతని భార్య సుభాషిణి అత్తగారి కోసమే డ్రైవింగ్ నేర్చుకుని, తనే తీసుకెళ్ళి తీసుకొచ్చేది. కారు పక్కన పెట్టినప్పటి నుంచి ఆటోలో జగ్గయ్యపేట వచ్చి అక్కడ బస్సెక్కుతున్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆదెమ్మ బస్సులో కూర్చోలేక సుభాషిణి ఒళ్ళో పడుకుంటోందట.

"ఇవాళ గురువారం. ఆదివారం దాకా టైముంది. రేపొస్తా" అన్నాను.

వెళ్ళి బానెట్ ఎత్తాను. ఒక పక్క ఎలుక గూడు, దాన్నిండా పత్తి. మిగతాదంతా ఆయిల్ మీద దుమ్ము, దుమ్ము మీద ఆయిల్, మందంగా అట్ట కట్టింది. కింద గేర్‌బాక్స్ కలిసే చోట తడి. పైన బయటికి కనబడే అల్యూమినియం మీద తెల్ల పొక్కులు. ఆ మెకానిక్ మాట అబద్ధమని నేను అనలేను. నిజమనీ అనలేను. అసలేమీ కనబడటం లేదు.

"కడుగుదాం" అన్నాను.

శ్రీనుకు నచ్చలేదు. "అమ్మే బండిని కడిగి ఏం చేస్తాం బాబాయ్?"

సుభాషిణి మాత్రం చీర కొంగు బిగించి, "ఏం కావాలో చెప్పండి బాబాయిగారూ" అంది.

పాత టూత్‌బ్రష్షులు, పెయింటు బ్రష్షులు రెండు, వెదురు పుల్లలు, పాత గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు. కొనాల్సినవి ఏమీ లేవు. ఇంజను చల్లగా ఉందని చేత్తో తాకి చూసుకున్నాం. వేడి అల్యూమినియం మీద చల్లటి నీళ్ళు పడటం మంచిది కాదు, సబ్బు కూడా ఆరిపోయి మరకలు కడుతుంది. బ్యాటరీ మైనస్ వైరు తీశాను. డైనమోకు, ఫ్యూజుల డబ్బాకు, గాలి పీల్చే గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచులు కట్టించాను. తర్వాత పొడిగా దులపడం. ఎలుక గూడు తీసి, వైర్లు కొరికిందేమో ఒక్కొక్కటీ చూశాం. అదృష్టం, కొరకలేదు.

అట్ట కట్టిన మడ్డిని వెదురు పుల్లతో గీకుతుంటే సుభాషిణి అడిగింది. "ఈ తెల్లది చింతపండు పెట్టి తోమితే పోదాండీ? మా ఇత్తడి బిందె అలాగే తోముతా."

"కొంచెం పోద్దమ్మా. కానీ పులుపు ఏ సందులోనైనా మిగిలిపోతే అదే మళ్ళీ తింటది. మనకి మెరుపక్కర్లా. సబ్బుతో ఎంత పోతే అంతే."

ఆ తెల్ల పొక్కులు బ్రష్షుతో రుద్దితే పొడిలా రాలిపోయాయి. కింద గట్టి లోహం, కాస్త మసకగా ఉంది, అంతే.

"కుళ్ళిపోయింది అన్నావే, ఇటొచ్చి చూడు" అని సుభాషిణి శ్రీనును పిలిచింది. అతను వచ్చి వేలితో తడిమి చూసి, ఇంకో బ్రష్షు తీసుకుని పక్కన కూర్చున్నాడు.

మంచంలో ఉన్న ఆదెమ్మ వసారాలోంచి, "పెళ్ళినాడు కూడా నీ మొహం అంత శ్రద్ధగా కడుక్కోలేదు గదరా" అని కొడుకును ఏడిపించింది.

ఆ సాయంత్రానికి సగం అయింది. మర్నాడు మిగతా సగం. చివరికి చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ గుడ్డతో తుడిచాం. బానెట్ ఎత్తి ఎండలో వదిలేశాం. మూడు గంటల తర్వాత సంచులు విప్పి, బ్యాటరీ వైరు బిగించి, "సెల్ఫ్ కొట్టమ్మా" అన్నాను.

స్టార్టయింది. కానీ గడగడమని వణుకుతోంది. ఒక సిలిండర్ పనిచేయడం లేదు.

శ్రీను మొహం మాడిపోయింది. "అయిపోయింది. అమ్మితే వచ్చేది కూడా పోగొట్టుకున్నాం. రేపొచ్చేవాడికి ఏం చూపించాలి బాబాయ్?"

సుభాషిణి స్టీరింగ్ పట్టుకుని నా వైపే చూస్తోంది. ఆ చూపు భరించడం శ్రీను మాటకన్నా కష్టమైంది. ఇంజను ఆపించాను. నలభై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, ఎక్కడ తప్పు చేశానా అని మొదటి నుంచీ ఆలోచించుకున్నాను. స్పార్క్ ప్లగ్గులు లోతైన బావుల్లాంటి గుంటల్లో ఉంటాయి. వాటి మీద కూడా సంచి కప్పాలి. కప్పలేదు. మర్చిపోయాను.

"ఇది నా తప్పు. ఇంజన్‌దేం లేదు. పది నిమిషాలు ఆగండి" అన్నాను.

మూడో గుంటలో అడుగున నీళ్ళున్నాయి. అక్కడ తొందరపడి ప్లగ్గు విప్పితే ఆ నీళ్ళు నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. పుల్లకు గుడ్డ చుట్టి, ముంచి, పిండి, మళ్ళీ ముంచి, పూర్తిగా ఆరేదాకా తుడిచాను.

సుభాషిణి మళ్ళీ సెల్ఫ్ కొట్టింది. ఈసారి ఇంజను మెత్తగా, సమానంగా తిరిగింది. శ్రీను గట్టిగా ఊపిరి వదలడం నాకు వినబడింది.

అసలు పని ఇప్పుడు మొదలైంది. "ఇంజన్ అలాగే తిరగనీండి. ముగ్గురం చూద్దాం. ముందు ఎక్కడ తడి పుడితే అక్కడే జబ్బు" అన్నాను. వేడెక్కేదాకా నిలబడి చూశాం. గేర్‌బాక్స్ దగ్గర, మెకానిక్ చూపించిన చోట, పొడిగా ఉంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు.

"బాబాయిగారూ, పైన! ఇక్కడ మెరుస్తోంది" అంది సుభాషిణి.

ఇంజను నెత్తి మీద ఉండే టాపెట్ కవర్ వెనక మూల నుంచి సన్నటి ఆయిల్ గీత. మా కళ్ళ ముందే వెనక వైపుగా జారుకుంటూ దిగి, గేర్‌బాక్స్ కలిసే చోటికి చేరింది. పైన పుట్టిన తడి కింద బయటపడుతోంది. మురికిలో ఈ గీత కనబడే అవకాశమే లేదు. వెనక సీలు నిక్షేపంగా ఉంది. పోయింది పైన కవర్ కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ ఒక్కటే.

జగ్గయ్యపేట నుంచి ప్యాకింగ్ తెప్పించాను. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే సుభాషిణే కవర్ విప్పింది. గట్టిపడి, విరిగిపోయే అప్పడంలా ఉన్న పాత ప్యాకింగ్ తీసింది, కవర్ ఆనే చోటు తుడిచింది, కొత్తది పెట్టింది. అల్యూమినియంలో మర మెత్తగా ఉంటుంది కాబట్టి బోల్టులు బలంగా కాకుండా, మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా బిగించమన్నాను. అలాగే బిగించింది. ఆదివారం వచ్చిన ఖమ్మం ఆయనకు కాఫీ ఇచ్చి పంపించారు.

మంగళవారం ఆదెమ్మ కారు వెనక సీట్లో పడుకుని నందిగామ వెళ్ళింది.

ఆ మెకానిక్ మోసగాడని నేను అనడం లేదు. తడి చూసిన చోటే జబ్బు ఉందనుకున్నాడు. ముందు తుడిచి చూసుంటే తనకే తెలిసేది. ఇప్పటి పిల్లలు కంప్యూటర్ పెట్టి తప్పులు చదువుతున్నారు, మంచిదే, నేను కూడా చదివించుకున్నాను. కానీ కారే ఆయిల్ సంగతి ఏ కంప్యూటరూ చెప్పదు. అది శుభ్రమైన లోహమే చెప్పాలి.

ఆకుపచ్చ గీత

ఇది జరిగి చాలా నెలలైంది. ఈమధ్య ఒక ఉదయం సుభాషిణి ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఇవాళ అత్తయ్యని తీసుకెళ్ళాలి. బయల్దేరేముందు బానెట్ ఎత్తి చూసా. బెల్టు పక్కన, వాటర్ పంపు కింద, ఆకుపచ్చగా ఎండిపోయిన గీత ఉంది. నిన్న లేదండి."

"నిన్న లేదని నీకెలా తెలుసమ్మా?"

"రోజూ చూస్తాగా. ఆదివారం ఆదివారం తుడుస్తా. గీతని గుడ్డతో తుడిచేసి, ఇంజన్ కాసేపు తిప్పి చూసా. మళ్ళీ అక్కడే చెమర్చింది. రేడియేటర్‌లో పోసే ఆకుపచ్చ నీళ్ళు పంపు సీలులోంచి వస్తున్నాయనుకుంటున్నా. కరెక్టేనాండీ?"

నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇంజను చూడకుండానే, ఆమె చెప్పిన మాటల్లోంచే నాకు అంతా కనబడింది. ఎక్కడ పుట్టిందో చెప్పింది, ఎప్పటి నుంచో చెప్పింది, తుడిచి మళ్ళీ చూసింది. నా షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళలో ఇలా చెప్పగలిగినవాళ్ళు నాకు ఇద్దరో ముగ్గురో దొరికారు. అదే కారు పాత మురికితో ఉండుంటే ఆ గీత ఎవరికీ కనబడేది కాదు. హైవే మీద ఎండలో నీళ్ళైపోయి, ఇంజను వేడెక్కి, హెడ్ వంగిపోయేది, సుభాషిణి ఆదెమ్మతో రోడ్డు పక్కన నిలబడేది.

"కరెక్టేనమ్మా. కారు తియ్యొద్దు. ఇవాల్టికి ఆటో పిలిపించుకో. పంపు మార్చటానికి మన జగ్గయ్యపేట నుంచి ఒక మంచి మెకానిక్‌ని పంపిస్తా" అన్నాను.

"పంపండి. అతను వచ్చేదాకా నేనేమన్నా విప్పొచ్చాండీ?"

"ఏం విప్పకు. అతను రాగానే ఆ తడి ఎక్కడ పుట్టిందో నువ్వే వేలు పెట్టి చూపించు."